గోడకన్నానికి గుమ్మం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. మా ఉద్దానంలో తోటకో దయ్యం, మలుపుకో మోహిని ఉండేవి. చూసినవాడు మాత్రం ఎప్పుడూ ఎదురుగా ఉండడు. వాడి బావమరిది చూశాడంటారు, కాకపోతే వేలువిడిచిన మేనమామ చూశాడంటారు. కుర్రతనంలో పందెం కాసి శ్మశానం పక్క తోటలో చాప వేసుకుని పడుకున్నాను. దోమలు తప్ప నన్నెవరూ పలకరించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా నేను కళ్ళారా చూసింది కాదు. చూసినవాళ్ళు నా ముందు నిలబడి చెబితే విన్నది. వాళ్ళదంతా భ్రమ అని తేల్చాలని చాలా తంటాలు పడ్డాను. తేల్చలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఇది జరిగిన రోజుల్లో మా వైపంతా గంజాం జిల్లా. పలాసకి రైలు వచ్చి ఎంతో కాలం కాలేదు. అక్కడ ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఉద్దానం ఊళ్ళనుంచి బళ్ళ మీద వచ్చే కాయల్ని దింపించి రైలుకి ఎక్కించడం నా పని.

మా మేనత్త పేరు దాలమ్మ. కాపరానికి వెళ్ళిన మరుసటేడే మావ వాంతిభేదితో పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. మా అమ్మ నన్ను కని పోయింది కాబట్టి నన్ను పెంచింది ఈ అత్తే. మా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నాన్నకి ఇద్దరు తమ్ముళ్ళు. ముగ్గురి ఇళ్ళలోనూ వంట అత్తదే. ఏ ఇంట్లో కాన్పు వస్తే ఆ ఇంటికి, ఏ ఇంట్లో కోతలైతే ఆ ఇంటికి. ముగ్గురు వదినలూ చెడ్డవాళ్ళు కారు. కానీ పప్పు ఎంత వెయ్యాలో వాళ్ళు చెప్పాలి, ఈవిడ వెయ్యాలి. జుట్టు నెరిసేదాకా అంతే.

ఒకసారి ఊరు వెళ్ళినప్పుడు మాటవరసకి అన్నాను, పలాస స్టేషన్ దగ్గర బళ్ళవాళ్ళకి తినడానికి చోటే లేదు, వెంట తెచ్చుకున్న చోడి అంబలి తాగి పడుంటున్నారు, అక్కడ నీలాంటి చెయ్యి ఒకటుంటే బంగారం పండుతుంది అని. నేను నవ్వులాటకి అన్నాను. అత్త నవ్వలేదు.

"అక్కడ ఇల్లు దొరుకుద్దేటిరా రాముడూ?" అంది.

"నీకెందుకత్తా ఈ వయసులో?"

"ఈ వయసులో కాబట్టేరా. సచ్చేలోగా ఒక్క పొయ్యన్నా నాది అనిపించుకోవాల. పుట్టి బుద్దెరిగినకాడినుంచి ఎవులి పొయ్యో ఊదతన్నాను."

మావ వాటాకి వచ్చిన కొబ్బరి తోట ఒకటి ఆమె పేర ఉండేది. దాన్ని అమ్మేస్తానంది. నాన్న మండిపడ్డాడు. ఆడది, అందులోనూ మొగుడు లేనిది, స్టేషన్ దగ్గర అన్నం అమ్ముకుంటే తలెక్కడ పెట్టుకోవాలన్నాడు. అత్త పట్టు విడవలేదు. చివరికి నాన్న ఒక మాట మీద దిగాడు. వచ్చే కోతల నాటికి అది సాగకపోతే ఇంటికి వచ్చెయ్యాలి, మళ్ళీ జన్మలో ఆ మాట ఎత్తకూడదు. అత్త సరేనంది.

ఇల్లు వెతకడం నా వంతయింది. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో మాకు అందుబాటులో దొరికింది ఒకే ఒక ఇల్లు, అది పెద్దిల్లు. పేరుకి పెద్దిల్లే కానీ నేను ఎరిగిన దగ్గర్నుంచీ దానికి తాళమే. దాని గోడ పక్కన ఎవరూ బండి కూడా నిలిపేవారు కారు.

కారణం ఊరందరికీ తెలుసు. ఆ ఇంటి యజమానురాలు, ఊళ్ళో అందరూ పెద్దింటమ్మ అని పిలిచే ఆవిడ, ధనిష్ఠా పంచకంలో పోయింది. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే శవాన్ని గుమ్మంలోంచి తీసుకెళ్ళకూడదంటారు. గుమ్మం గుర్తుపట్టి మళ్ళీ వస్తుందని భయం. అందుకని నడిమింటి గోడకి కన్నం తవ్వి, అందులోంచి పెరట్లోకి దాటించి, వెనక తోవన తీసుకెళ్ళారు. వెంటనే కన్నం పూడ్చేశారు. ఆ తర్వాత ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలి, శాంతి చేయించి మళ్ళీ దిగాలి. ఆ నెలల్లోనే ఆవిడ భర్తా కొడుకూ బారువ రేవులో స్టీమరెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళిపోయారు. శాంతి లేదు, దిగడమూ లేదు. ఆ భర్త మాట మీద టెక్కలిలో ఉన్న వాళ్ళ బంధువు మాకు ఆ ఇల్లు అమ్మాడు. అమ్మేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు పాత ఇల్లు బాగుచేయించి ఎరగడు. తాళం తీసేసరికి గబ్బిలాలు మా మొహాల మీంచి పోయాయి. పెంకులు సగం జారిపోయాయి. వాసాలు పట్టుకుంటే చేతిలోకి పొడి రాలింది. నడిమింట్లో నా మోకాలెత్తు పుట్ట. నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడితే అత్త కొంగు బిగించి లోపలికి నడిచింది. అన్ని గదులూ తిరిగి వంటింట్లో ఆగింది. కిటికీలోంచి వెలుగు పడుతున్న మూల చూపించి, పొయ్యి ఇక్కడే, అంది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

పని మొదలైంది. బారువ తీరాన గుల్లలు కాల్చిన సున్నం బళ్ళ మీద తెప్పించాం. పెరట్లో గానుగ వేసి, ఇసకా బెల్లపు నీళ్ళూ కలిపి ఎద్దు చేత తిప్పించాం. మేస్త్రి పేరు అప్పన్న. మంచి పనివాడు, నోరు మాత్రం ఆగదు. పగలంతా పనిచేసేవాడు, పొద్దు వాలితే తాపీ సర్దుకుని పరుగే పరుగు. చీకటి పడ్డాక ఆ ఇంట్లో నిలవనని ముందే చెప్పాడు.

నడిమింటి గోడ దగ్గరికి వచ్చేసరికి పేచీ వచ్చింది. పూడ్చిన కన్నం ఇట్టే తెలిసిపోతోంది. తొందరలో మట్టీ ఇటుకముక్కలూ కుక్కి వదిలేశారు. వాన నీళ్ళు దిగి అక్కడ గోడ ఉబ్బింది. అప్పన్న ఆ కుక్కుడంతా తీసేసి రాతితో గట్టిగా పూడ్చేస్తానన్నాడు. పూడ్చేముందు నిమ్మకాయా కొబ్బరికాయా కొట్టాలన్నాడు.

అత్త ఆ గోడకి అటు వెళ్ళి చూసింది, ఇటు వచ్చి చూసింది. గోడ అవతల పెరడు. ఆ పెరట్లోనే ఆమె భోజనాల సావిడి వేయించబోతోంది. వంటింటికీ సావిడికీ మధ్య ఈ గోడే అడ్డం. అక్కడ దారి లేకపోతే అన్నం గిన్నె పట్టుకుని వీధి గుమ్మంలోంచి సందు చుట్టి రావాలి.

"పూడ్చొద్దు. ఇక్కడే గుమ్మం ఎట్టు," అంది.

అప్పన్న తాపీ కింద పెట్టేశాడు. "అమ్మా, నీకేటన్నా మతిపోనాదా? పంచకం కన్నానికి ఎవులైనా గుమ్మం ఎడతారేటి? రాకుండా పూడుత్తారు గాని రమ్మని తలుపెడతారా?"

"ఎవులు వత్తార్రా? దయ్యమేటి? ఆ కన్నంలోంచి ఎల్లింది మడిసిరా. ఈ ఇంటి ఇల్లాలు. సచ్చిపోయిన పాపానికి దాన్ని దొంగసొత్తులా గోడలోంచి తోసీసినారు."

"నా సేత్తో ఎట్టను. నాకు పిల్లలున్నారు."

"అయితే ఒగ్గీ."

అప్పన్న నిజంగానే పని వదిలి వెళ్ళిపోయాడు. సాయంకాలానికి కాశీబుగ్గంతా పాకింది. కూలివాళ్ళు కూడా మానేశారు. ఇక నాకు కోపం ఆగలేదు. దయ్యాల మీద నమ్మకం ఉండి కాదు, పని ఆగిపోయినందుకు. పూడ్పించేద్దాం అత్తా, సందు చుట్టి తిరుగుదాం అన్నాను. ఆమె వినలేదు. రావివలస వెళ్ళి, ఈ గొడవేమీ తెలియని వడ్రంగిని ఒకణ్ణి వెతికి తెచ్చాను. సున్నం పని కూడా తెలిసిన మనిషి. అతనూ నేనూ కలిసి కన్నం పెద్దది చేసి, ద్వారబంధం నిలబెట్టి, చుట్టూ సున్నంతో గిలాబు చేశాం.

గడపకి పసుపు పుయ్యాలి. పుయ్యడానికి ఇరుగుపొరుగు ముత్తయిదువులు ఎవరూ రామన్నారు. మొగుడు లేనిది పుయ్యకూడదని శాస్త్రం. అత్త కాసేపు చూసి, పసుపు తడిపి తనే పూసింది. బొట్లు పెట్టింది. పెట్టాక ఆ ఖాళీ పెరట్లోకి చూస్తూ, పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మా, నిన్ను గోడ తవ్వి పంపినారు. నాను గుమ్మం ఎట్టినాను. రావాలంటే రా, మానాలంటే మాను. నా కూడు మాత్రం నన్ను వండుకోనీ."

వడ్రంగి నా వైపు చూశాడు. ఆమె మాటకారి, పట్టించుకోకు అన్నాను.

ఎలాగో మిగతా పనీ మేమే ముగించాం, ఇల్లు తయారైంది. తెల్లటి గోడలు, కొత్త పెంకులు, పెరట్లో తాటాకు సావిడి. అత్త తొలిరోజు తెల్లవారకముందే లేచి అన్నం, ఉలవచారు, పనసపొట్టు కూర వండింది. అడ్డాకుల విస్తర్లు కుట్టి దొంతర పెట్టింది. ఒక్కడూ రాలేదు. మర్నాడూ రాలేదు. బళ్ళవాళ్ళు మా వీధిలోంచి పోతూ కూర వాసనకి ముక్కు ఎగరేసేవారు, ఎడ్లని మాత్రం అదిలించుకుని పోయేవారు. వండింది పక్కింటి గేదెకి పోశాం. ఆ గేదె బాగా ఒళ్ళు చేసింది.

నాన్న ఒకసారి వచ్చి సావిడి చూసి వెళ్ళాడు. పైరు పాలుపోసుకుంటోందని మాత్రం చెప్పాడు. అంటే కోతలు దగ్గరికొస్తున్నాయని. అత్త ఆ రోజు పొయ్యికి మళ్ళీ మళ్ళీ అలుకు పెట్టుకుంటూ కూచుంది.

ఇంతలో తుపాను పట్టింది. ఎగువన ఎక్కడో లైను తెగి, రైలు పలాసలో నిలిచిపోయింది. వాన కాస్త తెరిపి ఇచ్చాక జనం తిండి కోసం ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళకి పెద్దింటి సంగతి ఏం తెలుసు? నేను స్టేషన్‌కి వెళ్ళి పిలుచుకొచ్చాను. సావిడి నిండింది. అత్త వండుతూ, వడ్డిస్తూ, నేను నీళ్ళు పోస్తూ, ఇద్దరికీ ఊపిరి సలపలేదు.

అప్పుడు మొదటి మాట వచ్చింది. చెయ్యి కడుక్కుంటూ ఒక పెద్దాయన, కళింగపట్నం వైపు మనిషి, నన్ను పిలిచి, ఆ ముసలావిడ వద్దంటే వినకుండా మారు వడ్డించిందయ్యా, మా అమ్మ గుర్తొచ్చింది, అన్నాడు. మా అత్తనే అంటున్నాడు అనుకున్నాను. అత్తకి జుట్టు నెరిసింది గానీ ముసలావిడ అనేంత కాదు. ఆకలి మీద ఉన్నవాడికి ఏం తెలుస్తుందిలే అని ఊరుకున్నాను.

అదే రోజు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక వర్తకుడి భార్య, కడుపుతో ఉన్న పిల్ల, వెళ్ళబోతూ మా అత్త దగ్గరికి వచ్చింది. "మీ పెద్దావిడకి సెప్పమ్మా, ఎల్తన్నానని. ఒడియాలో ఎంత సక్కగా మాటాడింది! ఎన్నో నెలని అడిగి పెరుగు ఎక్కువ పోసింది," అంది. మా అత్తకి ఒడియా ఒక్క ముక్క రాదు. నాకూ అంతంత మాత్రమే. పెద్దావిడ ఎలా ఉంటుందని అడిగాను. ముక్కుకి బులాకీ, నుదుట రూపాయంత బొట్టు, ఎడం చేత్తో నడుం పట్టుకుని వంగి వడ్డిస్తుంది అని చెప్పి, ఎందుకడుగుతున్నావన్నట్టు చూసింది.

నేను ఇల్లంతా వెతికాను. సిగ్గులేకుండా బియ్యం గాదె వెనక కూడా చూశాను. ఎవరూ లేరు.

మర్నాడు ఊళ్ళో ఒక ముసలాయన్ని పట్టుకుని, పెద్దింటమ్మ ఎలా ఉండేదని వేరే ఏదో మాటలో కలిపి అడిగాను. ఆయన చెప్పింది ఆ పిల్ల చెప్పిన పోలికే. ఆమె పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతలట, ఒడియా తెలుగూ రెండూ వచ్చట. సంత రోజున ఆ గుమ్మం ముందునుంచి ఎవరినీ ఆకలితో పోనిచ్చేది కాదట.

అయినా నేను లొంగలేదు. ఊళ్ళోవాళ్ళెవరో ఈ కథ ఆ ప్రయాణికులకి ముందే చెప్పి ఉంటారనుకున్నాను. రైలు కదిలి వాళ్ళంతా వెళ్ళిపోయాక ఒక గుడ్డి దాసరి తాత వచ్చాడు. ఎక్కడో టెక్కలి అవతలనుంచి పాడుకుంటూ వచ్చినవాడు. నేనే చెయ్యి పట్టి కూచోబెట్టాను, నేను కాక అతనితో ఎవరూ మాట్లాడలేదు. తిన్నాక, "బావూ, మీ ఇంట్లో ఒడ్డించే ఆడోళ్ళు ఇద్దరు కదేటి? ఒకాయమ్మ అడుగు సప్పుడవదు. ఇంకో ఆయమ్మ కాళ్ళకి మట్టెలు," అన్నాడు.

మా అత్త మట్టెలు తీసేసి నా వయసు కంటే ఎక్కువ ఏళ్ళు. అప్పుడు మాత్రం వెనక్కి తిరిగి ఆ గుమ్మం వైపు చూశాను. అది దాచను.

అత్తకి ఇదంతా చెప్పి, భయపడుతుందేమో అని చూశాను. ఆమె గరిటె పక్కన పెట్టి కొంగుకి చేతులు తుడుచుకుంది. "ఇద్దరం ఒడ్డిత్తే పంక్తి బేగి సాగుద్దిలే," అని మళ్ళీ గరిటె తీసుకుంది.

నేను పరీక్ష పెట్టుకున్నాను. జనం ఉన్నప్పుడల్లా స్తంభానికి ఆనుకుని రెప్ప వెయ్యకుండా చూసేవాణ్ణి. కొన్నాళ్ళు నేనే పంక్తిలో కూచుని తిన్నాను. విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టి, వద్దు వద్దు అని కూడా అన్నాను. నాకు మారు వడ్డించడానికి ఎవరూ రాలేదు. మా అత్త వచ్చి, తింటే తిను లేకపోతే లే, బళ్ళవాళ్ళు ఎదురుచూస్తన్నారు, అని కసిరింది.

అవును, బళ్ళవాళ్ళు. ఈ మాట ఊళ్ళో పాకాక, ఉన్న కాస్త జనమూ పారిపోతారని నేను భయపడ్డాను. జరిగింది వేరు. ముందుగా ముసలివాళ్ళు వచ్చారు. కరువు రోజుల్లో పెద్దింటమ్మ చేతి అన్నం తిన్నవాళ్ళు. వాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సావిడిలో కూచుని, చుట్టూ చూసుకుంటూ తిన్నారు. వాళ్ళలో కొందరికి కనబడిందట, కొందరికి లేదట. వాళ్ళ వెనక బళ్ళవాళ్ళు వచ్చారు. చివరికి మేస్త్రి అప్పన్న పెళ్ళాం పిల్లలతో సహా వచ్చి, గోడ ఎలా ఉందో చూసిపోదామని వచ్చానని చెప్పి, రెండు మార్లు పెట్టించుకుని తిని వెళ్ళాడు.

కోతల వేళకి నాన్న వచ్చాడు. సావిడిలో చోటు లేక గానుగ రాయి మీద కూచుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఇంటినుంచి కొత్త బియ్యం పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. అత్త ఆ సాయంత్రం పొయ్యి ముందు కూచుని ఒక్కతే నవ్వుకోవడం చూశాను.

అలా కొన్నేళ్ళు గడిచాయి. కనబడేది ఎప్పుడూ కొత్తవాళ్ళకే ఎక్కువ. మాకు అలవాటైపోయింది. ఎవరైనా వెళ్తూ వెళ్తూ పెద్దావిడ పేరెత్తితే, అలాగే చెబుతామండీ అనేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్న వీధి గుమ్మం ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన తల, రంగం గొడుగు. లోపలికి రమ్మంటే రాడు. పేరు జగన్నాథం అన్నాడు. పెద్దింటమ్మ కొడుకు. తండ్రి రంగంలోనే పోయాడట. స్టీమర్లో బారువ మనుషులెవరో చెప్పారట, మీ అమ్మ మీ ఇంట్లో అన్నం వడ్డిస్తోందని. దిగినవాడు దిగినట్టే వచ్చాడు.

"ఇల్లు నాకిచ్చీండి," అన్నాడు. "మీరెట్టిందానికి రెండింతలిత్తాను. కాదంటే కోర్టుకెల్తాను. మా అయ్య అమ్మినాడు గాని నన్నడగలేదు. ఆ గోడలోంచి మా అమ్మని మోసినోణ్ణి నాను. తలవేపు పట్టుకున్నాను. అమ్మకి ముసలితనంలో పుట్టినోణ్ణి, అప్పటికి నాకు మీసాలు కూడా రాలేదు. పెద్దోళ్ళు మొయ్యమంటే మోసినాను." అంతవరకు గట్టిగానే మాట్లాడాడు. ఆ తర్వాత గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఊరి పెద్దలు అతని వైపే తూగారు. కన్నతల్లి కదా అన్నారు. నాన్న కూడా, ఇచ్చేసి వేరే చోట చూసుకుందాం అన్నాడు. కోర్టులో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు. మా దగ్గర కోర్టు ఎక్కే స్తోమత లేదు. నేను మాత్రం ఒప్పుకోలేదు. అత్త వైపు చూశాను.

"ఆల తల్లిని ఆడికి ఇయ్యననడం పాపంరా," అంది నాతో. "ఇచ్చీసి నానేటయిపోవాల? మళ్ళీ ఎవులి వంటింటికి ఎల్లాల?"

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని వీధిలోకి వచ్చింది. "బావూ, రేపు మద్దినేల వచ్చి కూడు తిను. తిన్నాక నువ్వేటంటే అదే," అంది.

ఇదేమిటత్తా, ఇల్లు నోటిమాట మీద వదిలేస్తావా అని నేను గోల పెట్టాను. ఆమె కందులు విసురుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జగన్నాథం వచ్చాడు. నడిమింట్లోంచి నడిచి, ఆ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కన్నం ఉండాల్సిన చోట గడప, గడపకి పసుపు. చాలాసేపు దానికేసి చూసి, తల వంచుకుని దాటాడు. పంక్తి చివర కూచున్నాడు. అతని పక్కన ఒక బండివాడు, బారువ వైపు మనిషి, మా సావిడికి రావడం అదే మొదలు. అతనికి ఎవరి సంగతీ తెలియదు.

నేను స్తంభం దగ్గర నిలబడ్డాను. ఒట్టేసి చెప్తాను, ఆ మనిషి కూచున్నప్పటినుంచి లేచేదాకా ఆ వరస వెనక అడుగు పెట్టినవాళ్ళు లేరు. అత్త ముందు వైపునుంచి వడ్డించింది. జగన్నాథం ఒక్క ముద్ద కూడా సరిగా తినలేదు. తల ఎత్తలేదు. కళ్ళనీళ్ళు విస్తట్లో పడుతున్నాయి. అందరూ తిని లేస్తున్నారు. చివరికి అతను కూడా చెయ్యి విస్తట్లోనే విదిలించి లేచాడు.

"నాకు కనబళ్ళేదు," అన్నాడు అత్తతో. "అందరికీ కనబడద్ది. నాకు కనబళ్ళేదు. ఎలా కనబడద్ది?"

పక్కనున్న బండివాడు విస్తరి మడుస్తూ తలెత్తాడు.

"అదేటి బావూ అలాగంతావు? ఆ ముసలమ్మ ఇంతసేపూ నీ ఎనకాల నించోని నీ తల నిముర్తానే ఉంది కదా. ఒక్కసారైనా ఎనక్కి తిరిగి సూసినావు కాదు. అలిగినావేటి?"

జగన్నాథం నెమ్మదిగా చెయ్యెత్తి తన తల మీద పెట్టుకున్నాడు. అలా పెట్టుకునే మళ్ళీ కూచుండిపోయాడు. ఎంతసేపు ఏడ్చాడో నేను చెప్పలేను. తర్వాత విస్తరి దగ్గరికి లాక్కుని ఉన్నదంతా తిన్నాడు. ఇంకా పెట్టమన్నాడు. అత్త పెట్టింది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ పెట్టింది.

వెళ్ళేటప్పుడు ఆ గడప మీద తల ఆనించాడు. లేచి మా అత్తకి దణ్ణం పెట్టాడు. "ఇల్లు నీదేనమ్మా. నాకేటీ వద్దు. మాం గోడ తవ్వినాం, నువ్వు గుమ్మం ఎట్టినావు," అన్నాడు. సాయంత్రం బండికి టెక్కలి వెళ్ళిపోయాడు.

ఆ రోజు తర్వాత పెద్దింటమ్మ ఎవరికీ కనబడలేదు. కొత్తవాళ్ళెవరు వచ్చినా నేను పనిగట్టుకుని అడిగేవాణ్ణి, ఎంతమంది వడ్డించారని. ఒక్కావిడే అనేవారు. నేను ఇప్పటికీ దయ్యాలని నమ్మను. ఇవాళ ఎవడైనా నా దగ్గరికి వచ్చి మర్రిమీద మోహినిని చూశానంటే పొమ్మంటాను. కానీ ఆ బండివాణ్ణి నేను అప్పుడే పక్కకి తీసుకెళ్ళి గుచ్చి గుచ్చి అడిగాను. బులాకీ చెప్పాడు, బొట్టు చెప్పాడు, నడుం మీద చెయ్యి చెప్పాడు. చెప్పి, ఎడ్లకి నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త పొయ్యి ముందు కూచుని కళ్ళు తుడుచుకుంటోంది. ఇల్లు నిలిచింది కదా, ఇంకా ఏడుపెందుకత్తా అన్నాను.

"ఎల్లిపోనాదిరా," అంది. "ఇన్నాళ్ళూ ఆవిడింట్లో ఆవిడతోపాటు వండినట్టుండేది. తెల్లారి లేసి సూత్తే ఇల్లంతా నాదే. ఇంతింట్లో ఒక్కదాన్నీ ఏటి సేసుకోనురా?"

ఆమె ముక్కు చీదుకుని, చెయ్యి కడుక్కుని, ఎసట్లో బియ్యం పోసింది. బయట బళ్ళవాళ్ళు అప్పటికే ఎడ్లని విప్పుతున్నారు.